పది నిమిషాల్లో ఓపెనింగ్ పండితులైపోండి

చదరంగం ఆడటానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నాలుగు ఓపెనింగుల పేర్లు, వాటి మొదటి ఐదెత్తులు, ఓడినప్పుడు చెప్పడానికి ఓ సాకు ఉంటే చాలు. ఇరవై ఏళ్లుగా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడుతున్న అనుభవంతో చెబుతున్నాను. వరసగా పాటించండి.

1. నాలుగెత్తుల్లో ఆట కట్టేయండి. బంటును ఇ4కి తోయండి. అవతలివాళ్లు ఇ5 ఆడగానే మంత్రిని హెచ్5కి, ఆ తర్వాత బిషప్‌ని సి4కి తీసుకెళ్లండి. ఎఫ్7 బంటుకు కాపలా నల్లరాజు ఒక్కడే. బిషప్ దన్నుతో మంత్రి అక్కడ దిగితే రాజు కొట్టలేడు, కదల్లేడు. మంత్రిని పెందలాడే బయటికి తేవద్దనీ, గుర్రాలు దాన్ని తరుముతూ ఊరికే ముందుకొచ్చేస్తాయనీ కోచ్‌లు అంటారు. వాళ్ల మాట వింటే ఆట నలభై ఎత్తులు సాగుతుంది. అంతసేపు ఎవరు కూర్చుంటారు?

మా మూడో అంతస్తు పిల్లాడికి ఎనిమిదేళ్లు. గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి ఈ దెబ్బకు దొరికిపోయాడు. పెదవి బిగబట్టి, పావుల్ని ఒక్కొక్కటే డబ్బాలో సర్దుకుని వెళ్లాడు. వారం తిరక్కుండా వచ్చి, ఈసారి ముందు జి6 బంటు తోశాడు. నా మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్లీ ఎఫ్7 మీద గురిపెడితే, అప్పుడు తీరిగ్గా గుర్రాన్ని ఎఫ్6లో అడ్డం పెట్టాడు. అందుకే ఈ నియమం రాసిపెట్టుకోండి: ఒకే పిల్లాడితో రెండోసారి ఆడకూడదు. అడిగితే గ్యాస్ బండి వచ్చిందని చెప్పి లేవండి.

2. లండన్ సిస్టమ్ ఒక్కటి బట్టీపట్టండి. డి4, బిషప్ ఎఫ్4, ఇ3, సి3, గుర్రం ఎఫ్3. ఇ3 బంటు దారి మూసేలోపే బిషప్ బయటపడుతుంది, మధ్యలో బంట్లు గట్టి మెట్లలా నిలుస్తాయి. ఇందులో సుఖమేమిటంటే అవతలివాళ్ల ఎత్తులు చూడాల్సిన పనిలేదు. ఫోన్ చూసుకుంటూ ఆడొచ్చు. నల్లమంత్రి బి6కి వచ్చి బి2 బంటు మీద కన్నేస్తే వేయనివ్వండి. ఒక్క బంటు పోతే రాజ్యం పోదు.

3. నల్లపావులు వస్తే సిసిలియన్ అనండి. ఇ4కి జవాబుగా సి5. పక్కనున్న బంటును ఇచ్చి తెలుపు మధ్యబంటును పుచ్చుకోవడం, తెరుచుకున్న సి వరసలో ఏనుగును నిలపడం దీని కిటుకు. ఐదో ఎత్తుగా ఎ6 ఆడితే నైడార్ఫ్ అవుతుంది. తెలుపు గుర్రం గానీ బిషప్ గానీ బి5లో వాలకుండా ఆ చిన్న బంటు ఆపుతుంది. ఫిషర్, కాస్పరోవ్ నమ్ముకున్నది దీన్నే. మీరు ఎ6 దగ్గర ఆగి, ఆ రెండు పేర్లూ గట్టిగా చెప్పండి. ఆరో ఎత్తు నుంచి చేతికందిన పావు జరపండి.

4. వలలు నేర్చుకోండి, వాటి విరుగుళ్లు కాదు. నాకు అన్నిటికన్నా ఇష్టం ఎంగ్లండ్ గాంబిట్. తెలుపు డి4 ఆడితే ఇ5 అని బంటును ఎర వేయండి. తింటారు. గుర్రాన్ని సి6కి తీయండి. వాళ్లు గుర్రాన్ని ఎఫ్3కి తెస్తే మీ మంత్రిని ఇ7కి జరపండి. బిషప్ ఎఫ్4కి రాగానే మంత్రితో బి4 నుంచి చెక్ చెప్పండి. బిషప్ డి2కి తగ్గితే బి2 బంటును మింగండి. ఇక్కడ కంగారుపడి బిషప్‌ని సి3కి తెచ్చారా, మీ బిషప్ బి4కి వెళ్లి దాన్ని కదలనివ్వదు, పండగే! గుర్రాన్ని సి3కి తెచ్చారనుకోండి, అప్పుడు మీ మంత్రే ఇరుక్కుంటుంది. అది పట్టించుకోకండి. "యూట్యూబ్ చూసొచ్చావు కదూ?" అని నిలదీయండి.

5. బెర్లిన్ డిఫెన్స్‌తో విశ్రాంతి తీసుకోండి. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో క్రామ్నిక్ దీన్నే గోడలా కట్టాడు. కాస్పరోవ్ ఒక్క గేమూ గెలవలేక కిరీటం వదులుకున్నాడు. మంత్రులు త్వరగా మారిపోతాయి. నల్లరాజు కోట కట్టుకోలేడు, అయినా అతన్ని పడగొట్టడం కష్టం. మిగతా ఆట నేర్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది కాబట్టి మంత్రులు మారగానే డ్రా అడగండి. రెండెత్తులకోసారి అడగండి. విసుగుతోనైనా ఒప్పుకుంటారు.

6. రుయ్ లోపెజ్‌ను సగమే చదవండి. బిషప్‌ని బి5కి పంపి, ఇ5 బంటును కాస్తున్న గుర్రాన్ని వేధించడం ఆ ఓపెనింగ్. అది పక్కన పెట్టండి. 1561లో పుస్తకం రాసిన రుయ్ లోపెజ్ అనే ఆ స్పెయిన్ మతగురువే, ఎదుటివాడి కళ్లలో ఎండ పడేలా బోర్డు పెట్టుకొమ్మని సలహా ఇచ్చాడు. ఇంతకన్నా తేలికైన ఓపెనింగ్ ఉందా? సాయంత్రం నాలుగింటికి పడమటి బాల్కనీలో మీరు ముందే వెళ్లి నీడవైపు కుర్చీ పట్టండి.

7. మాటల్లో మన తెలుగు చదరంగం ఆటగాళ్లను తేండి. హంపి పుట్టింది గుడివాడలో, అర్జున్‌ది వరంగల్, హరికృష్ణది గుంటూరు అని ఎత్తుకోండి. 2019లోనూ 2024లోనూ హంపి ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచిన సంగతి వివరంగా చెప్పండి. ఆ మాటల్లో పడితే, మీ ఏనుగు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తుండదు.

8. ఇక ఓటమి ఖాయమనిపిస్తే రాజును పడుకోబెట్టకండి. లేచి నిలబడి, నవ్వుతూ, "డ్రానే కదండీ" అంటూ చెయ్యి చాపండి. మొహమాటానికి చెయ్యి కలుపుతారు. కలిపిన చెయ్యి వదలకుండానే రెండో చేత్తో కాగితం మీద అర పాయింటు రాసేసుకోండి.