గేటు పడే వేళకు గోరుముద్ద

పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం పోయే అడవి దారికి రాత్రి 9 గంటలకు గేటు వేస్తారు, తెల్లారి 6 గంటలకు తీస్తారు. ఆ తొమ్మిది గంటలూ పులులకు, ఎలుగులకు, జింకలకు బండ్ల గోల ఉండకూడదని అటవీశాఖ పెట్టిన నియమం అది. మంచి నియమమే. నల్లమలలో పులి పిల్లలు హాయిగా ఉంటాయి. ఊళ్లో మనిషి పిల్లల నిద్ర సంగతి మాత్రం ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు.

ఎనిమిది దాటిందంటే మార్కాపురం వైపు నుంచి వచ్చే ప్రతి కారుకూ హారనే బ్రేకు. గేటు అందుకోలేకపోయిన వాళ్లు వెనక్కొచ్చి టిఫిను హోటలు ముందు ఆగి, దోసె ఉందా, పడుకోను రూముందా, పొద్దున ముందుగా మా బండినే వదుల్తారా అని వరసబెట్టి అడుగుతారు. అలాంటి హోటలు ఒకటి నడుపుకునే ఇంట్లో ఐదేళ్ల పిల్లాడు, రెండేళ్ల పిల్ల పెరుగుతున్నారు. బారసాలనాడు పెట్టిన పేర్లు ఆధార్ కార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఇంట్లో మాత్రం వాడు పెద్దోడు, అది చిన్నది.

పిల్లల్ని ఎనిమిదింటికల్లా పడుకోబెట్టాలని, అంతకు గంట ముందు నుంచే మాటలు తగ్గించి లైట్లు ఆర్పాలని ఫోన్లో ఒక డాక్టరమ్మ చెబితే, తల్లి ఒక రాత్రి అలాగే చేసింది. లైటు ఆరీ ఆరగానే ఎదురింటామె "మీక్కూడా కరెంటు పోయిందా?" అని కేకేసింది. అటు హోటల్లోంచి తండ్రి "చట్నీ అయిపోయింది, రుబ్బాల" అని కేకేశాడు. ఈ రెండు కేకల మధ్య చీకట్లో చిన్నది జీవితంలో మొట్టమొదటి పూర్తి వాక్యం మాట్లాడింది: "రెండిడ్లీ, ఒకటి పార్సిల్." పురిట్లోనే దాని నాలిక మీద వస రాసిన అవ్వ, వస ఊరికే పోలేదని పొంగిపోయింది. ఆ రాత్రి నుంచి డాక్టరమ్మ వీడియోలు ఆగిపోయాయి.

పిల్లలు పొద్దుపోయేదాకా మేలుకుంటారని దోర్నాల ఒక్కటే సిగ్గుపడనక్కర్లేదు. స్పెయిన్‌లో రాత్రి భోజనమే తొమ్మిది, పది గంటల వేళకు. వేసవిలో పెద్దవాళ్లు వీధి బల్లల దగ్గర కూర్చుని కబుర్లాడుతుంటే చిన్న పిల్లలు ఆ పక్కనే చౌకులో బంతాట ఆడుతుంటారు. 1940లో నియంత ఫ్రాంకో దేశం గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపించాడు. తర్వాత వెనక్కి జరిపినవాళ్లు లేరు. అక్కడ పొద్దు ఆలస్యంగా కుంకడానికి అదొక కారణం. వాళ్ల పిల్లల నిద్ర నియంత చేతిలో, మన పిల్లల నిద్ర గేటు చేతిలో. ఒక్క విషయంలో మాత్రం ఆ దేశాన్ని చూసి దోర్నాల తల్లి కుళ్లుకోవచ్చు. 2021లో అక్కడ బిడ్డ పుడితే తల్లితో సమానంగా తండ్రికీ పదహారు వారాలు జీతంతో సెలవిచ్చే నియమం వచ్చింది. ఈ తండ్రి మాత్రం చిన్నది పుట్టిన రోజు సాయంత్రమే పెనం ముందు నిలబడ్డాడు. ఆ రోజు దోసె అడిగిన ప్రతివాడికీ మైసూరుపాకు పెట్టాడన్నది ఆయన వైపు నుంచి చెప్పుకోవాల్సిన మాట.

శివరాత్రి వచ్చిందంటే ఆ కాస్త గడియారం కూడా ఉండదు. బ్రహ్మోత్సవాల కోసం రాత్రుళ్లు కూడా బండ్లు వదులుతారు. కాలినడకన వచ్చేవాళ్లు, శివమాల వేసుకున్నవాళ్లు తెల్లవార్లూ సెంటరు మీదుగా పోతూనే ఉంటారు. మాలలో ఉన్నవాళ్లను అందరూ "స్వామీ" అని పిలవడం పెద్దోడు నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు నుంచి వాడికి లోకంలో స్వాములు తప్ప వేరే మనుషులు కనబడలేదు. గ్యాసుబండ తెచ్చినతను స్వామి, బిల్లు దగ్గర గొడవపడిన లారీ డ్రైవరు స్వామి. బీట్‌కు వచ్చిన కానిస్టేబుల్ని "స్వామీ, పక్కకి జరుగు, బండ్లు రావాల" అన్నాడు. ఆయన నిజంగానే జరిగాడు.

ఇక అన్నం పెట్టడం. ఏ ఊళ్లోనైనా పిల్ల తినకపోతే బూచోడొస్తాడంటారు. అది అబద్ధమని చెప్పేవాళ్లకూ తెలుసు, నాలుగేళ్లొచ్చేసరికి వినేవాళ్లకూ తెలుస్తుంది. దోర్నాలలో ఆ ఇబ్బంది లేదు. అవ్వ "పులొస్తాది, తినరా" అంటే, ఊరి పక్కనున్నది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. ఆమె మాటకు అటవీశాఖ బోర్డులే సాక్ష్యం. ఇన్ని ఆధారాలుండీ పని జరగలేదు. పెద్దోడు ముద్ద నోట్లో పెట్టుకోకుండా వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. పులొచ్చాక తింటాడట.

దాంతో అవ్వ వ్యూహం మార్చి జరిగిన కథ ఎత్తుకుంది. 2023 మార్చిలో ఆత్మకూరు వైపు పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు ఊళ్లోకొచ్చాయి. తల్లి జాడ లేదు. టీ-108 అని అటవీశాఖ నంబరు పెట్టుకున్న ఆ తల్లిపులి కోసం అధికారులు అడవంతా గాలించారు, కూనల్ని దాని దగ్గరికి చేర్చాలని రాత్రుళ్లు కాపుకాశారు. కుదరక చివరికి తిరుపతి జూకి పంపారు. "అమ్మ చెప్పిన మాట వినకుండా ఇల్లు దాటిపోతే అంతే" అని అవ్వ ముక్తాయించి ముద్ద అందించింది. పెద్దోడు గంభీరంగా విన్నాడు. కూనలు మాట వినలేదన్న సంగతి వాడికి ఎక్కలేదు.

"జూలో వాటికి ఏం పెడతారవ్వా?"

"మాంసం పెడతారు నాయనా."

"రోజూనా?"

అవ్వ పరధ్యానంగా "రోజూనే" అంది. వాడు కంచంలో పప్పన్నం వంక చూసి, తిరుపతి బస్సు ఎన్నింటికని అడిగాడు.

చిన్నదాని తిండికి ఇంత రాజకీయం అక్కర్లేదు. అంగన్‌వాడీ నుంచి బాలామృతం వస్తుంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన రెండున్నర కిలోల ప్యాకెట్టు, ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు. లెక్క ప్రకారం ప్యాకెట్టు నెల రావాలి. ఈ ఇంట్లో పది రోజులకే అడుగు కనబడుతుంది. అంగన్‌వాడీ టీచరమ్మ బిడ్డను తూకం వేసి, ప్యాకెట్టు అయిపోయినంతగా బరువు పెరగలేదేమని ఆరా తీసింది. తల్లి నేల చూపులు చూసింది. తాతను కూడా తూచివుంటే లెక్క సరిపోయేది.

పిల్లలున్న ఇంటికి నీళ్లెన్ని కావాలో ఈ చుట్టుపక్కల వేసవి గడిపినవాళ్లను అడగాలి. ట్యాంకరు ఏ పూట వస్తుందో తెలియదు గనక పిల్లల స్నానం ఏ పూటో కూడా తెలియదు. ఒళ్లంతా నూనె రాసి, నలుగు పెట్టి, చిన్నదాన్ని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకున్నాక నీళ్లు లేవని తేలిన రోజులున్నాయి. అప్పుడది చేతికి దొరక్కుండా జారిపోతూ ఇల్లంతా తిరుగుతుంది. అందుకే డైపర్లంటే మొదట్లో ముక్కు విరిచిన అవ్వే, బిందెలు లెక్కపెట్టుకున్నాక "ఇంకో రెండు ప్యాకెట్లు తెప్పించమ్మాయ్" అంది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఈ తల్లి పుట్టిందీ ఆ ఏడే. ఆమె నడిచింది, చదివింది, పెళ్లి చేసుకుంది, ఇద్దర్ని కన్నది. ప్రాజెక్టు కూడా ఖాళీగా కూర్చోలేదు. దోర్నాల మండలం కొత్తూరు దగ్గర బయటపడేలా కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వుకుంది. 2024 మార్చిలో దాన్ని జాతికి అంకితం చేశారు కూడా. అప్పటికి నిర్వాసితుల పునరావాసం, కాలువ పనులు మిగిలే ఉన్నాయి. ఆ వేసవిలోనూ వీధిలో హారను కొట్టింది ట్యాంకరే.

పలకలకు పేరుపడ్డ మార్కాపురం ముప్పై కిలోమీటర్ల దూరంలో పెట్టుకుని ప్లాస్టిక్ పలక కొనడమేమిటని తాత పట్టుబట్టి చెక్క చట్రం ఉన్న రాతి పలకే తెచ్చాడు. ఇప్పుడా రాయి ఎక్కువగా ఇళ్ల గోడలకు, నేలలకు బిళ్లలుగా పోతోంది. పలక రాసే పిల్లలే తగ్గిపోయారు. పెద్దోడు "అ" దిద్దాడు, ఉమ్మేసి తుడిచాడు, బలపం తినేశాడు. మూడు తరాలుగా ఆ ఇంట్లో అక్షరాభ్యాసం సాగుతున్న పద్ధతి ఇదేనని తాతే ఒప్పుకున్నాడు.

ఇద్దరితోనే ఇల్లు ఇట్లుంటే, ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 నుంచి పిల్లల్ని ఎక్కువమందిని కనమంటున్నారు. జననాలు తగ్గి రాష్ట్రం ముసలిదైపోతోందన్నది ఆయన దిగులు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న పాత నిబంధనను ఆ ఏడు నవంబరులోనే అసెంబ్లీ ఎత్తేసింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఇంకో అడుగు ముందుకేసి, మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానన్నారు. టీవీలో ఆ వార్త వింటూ తండ్రి పెనం మీద నీళ్లు చిలకరించి, "హోటలుకు పాలు కలిసొస్తాయి" అన్నాడు. తల్లి సమాధానం చెప్పలేదు. చిన్నదాన్ని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, పెద్దోడి చెయ్యి ఆయన చేతిలో పెట్టి, పొరుగింటికి పోయి గంట కూర్చుంది. తిరిగొచ్చేసరికి ఆవు ప్రస్తావన లేదు. దోసెపిండి మాత్రం ముగ్గురి తలల మీదా ఉంది. వచ్చే ఏడు పెద్దోడు ఒకటో తరగతికి పోతే తల్లికి వందనం పదిహేను వేలు పడతాయని, అందులో రెండు వేలు బడి నిర్వహణకు పట్టుకుని పదమూడు చేతికిస్తారని లెక్కలు చెప్పి ఆయన వాతావరణం చల్లబరచబోయాడు.

మూడో ఏడు వచ్చేలోపు చిన్నదాని పుట్టు వెంట్రుకలు శ్రీశైలం మల్లన్నకు ఇవ్వాలని మొక్కు. ఎలాగూ పోతున్నాంగదా అని పెద్దోడికీ గుండు కొట్టించాలనుకున్నారు. పొద్దున గేటు తీయగానే తుఫాన్ బండిలో రెండు కుటుంబాలు ఎక్కాయి. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. పిల్లలున్న బండికి ఆ దూరం కిలోమీటర్లలో కాదు, మలుపుల్లో కొలవాలి. డ్రైవరు ముందే "కవర్లు ఉండాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నారు. ఉన్నాయి కూడా, అన్నీ బండి పైన కట్టిన సంచిలో. తుమ్మలబయలు దాటేదాకా పెద్దోడు పులి కోసం కిటికీలోంచి తల తీయలేదు. కోతులు తప్ప ఏమీ కనబడలేదు. తర్వాతి మలుపులో మేనమామ చొక్కా పోయింది, ఆపై మలుపులో తువ్వాలు పోయింది. నిమ్మకాయ వాసన చూపించమన్నది అవ్వ సలహా. చిన్నది దాన్ని కొరికి తిన్నది.

దారిలో సాక్షి గణపతి దగ్గర ఆగారు. యాత్రకు వచ్చినట్టు ఆయన పుస్తకంలో పేరు రాసుకుంటాడని అవ్వ చెబితే పెద్దోడు తన పేరు, చెల్లి పేరు, దోర్నాల హోటలు పేరు గట్టిగా చెప్పాడు. కల్యాణకట్టలో మేనమామ ఒళ్లో కూర్చున్న చిన్నది కత్తి తల మీద పడగానే ఎత్తుకున్న రాగానికి పక్క వరసలో పిల్లలందరూ శ్రుతి కలిపారు. పెద్దోడు మాత్రం కిక్కురుమనలేదు. గుండు తడుముకుంటూ బయటికొచ్చి, చెమ్మ ఆరని చొక్కాతో నిలబడ్డ మేనమామ చెయ్యి పట్టుకు లాగాడు.

"మామా, సాక్షి గణపతి కాడికి మళ్లీ పోవాల."

"యాడికిరా, ఇందాకే గదా పోయొచ్చినాం!"

"అప్పుడు మాకు జుట్టుండె గదా. ఇప్పుడు చూస్తే ఎవరో అనుకుంటాడు."

మామ చిన్నదాని వంక చూశాడు. అది ఇంకా వెక్కుతూనే ఉంది.

"ఏం పర్వాలేదులే. మీ చెల్లెలి అరుపు ఆయనకాడికి ఇనపడే ఉంటాది. పుస్తకంలో దిద్దుకోనుంటాడు."