వేటు వేయాల్సిన వారంలోనే వేయండి

మీరు ఇంగ్లండ్‌లో ఒక ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్ కొన్నారనుకుందాం. కొన్న రోజు నుంచి అందరూ ఒకటే మాట చెబుతారు: మేనేజర్‌కు కాస్త సమయం ఇవ్వండి అని. పత్రికలవాళ్లు రాస్తారు, మాజీ ఆటగాళ్లు టీవీలో కూర్చుని చెబుతారు. వినకండి. మేనేజర్ మీద మీకు నమ్మకం సడలిన వారంలోనే అతన్ని సాగనంపండి. క్లబ్‌లు మరీ తొందరపడి మేనేజర్లను తీసేస్తున్నాయని లోకం గోల పెడుతోంది. నా బాధల్లా అవి ఆలస్యం చేస్తున్నాయనే.

మీ చేతిలో మార్చడానికి వీలున్న మనిషి అతనొక్కడే. ఆటగాళ్లకు ఏళ్ల తరబడి ఒప్పందాలున్నాయి. కొనాలన్నా అమ్మాలన్నా వేసవిలోనో జనవరిలోనో తప్ప కుదరదు. 20 జట్లలో అడుగున మిగిలిన 3 కింది డివిజన్‌కు జారతాయి. జారితే టీవీ డబ్బుకు పెద్ద గండి పడుతుంది. ఆ వేసవిలో ఉద్యోగాలు పోయేది ఆఫీసులో, క్యాంటీన్‌లో, టికెట్ కౌంటర్‌లో పనిచేసేవాళ్లకు. మేనేజర్‌కు నష్టపరిహారం ఉంటుంది, వాళ్లకు అంతటిది ఎవరిస్తారు? మీ ఓర్పు వల్ల నష్టపోయేది వాళ్లేనని నాకు కోపం.

లెస్టర్ సిటీ కథ తెలుసుకుంటే చాలు. 2016లో క్లాడియో రానియెరీ ఆ క్లబ్‌ను ఛాంపియన్‌గా నిలబెట్టాడు, ఎవరూ కలలో కూడా అనుకోనిది. 2017 ఫిబ్రవరి 23న అదే రానియెరీకి ఉద్వాసన పలికారు. ఎంత కృతఘ్నత అని ప్రపంచమంతా తిట్టిపోసింది. అప్పటికి జట్టు 17వ స్థానంలో ఉంది, ఆ ఏడాది లీగ్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. నాలుగు రోజులకే, అతని సహాయకుడు క్రెయిగ్ షేక్స్‌పియర్ చేతికి వచ్చిన జట్టు లివర్‌పూల్‌ను 3-1తో ఓడించింది. షేక్స్‌పియర్ మొదటి 5 లీగ్ మ్యాచ్‌లూ గెలిచాడు. లెస్టర్ 12వ స్థానంలో సీజన్ ముగించింది.

అదే క్లబ్ 2022లో మంచితనానికి పోయింది. బ్రెండన్ రాడ్జర్స్ అంతకుముందు ఏడాదే ఎఫ్ఏ కప్ తెచ్చాడు. 2022-23 సీజన్ మొదటి 7 మ్యాచ్‌ల్లో వచ్చింది ఒకే ఒక్క పాయింటు. అయినా ఆగారు. 2023 ఏప్రిల్ 2న గానీ తీయలేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు, 18వ స్థానంతో కింది డివిజన్‌కు.

2024 నవంబర్‌లో స్టీవ్ కూపర్‌ను 12 లీగ్ మ్యాచ్‌లకే తీసేసినా లెస్టర్ మళ్లీ జారింది కదా అని మీరు అడగొచ్చు. నేను ఎదురుచూసేదే ఆ ప్రశ్న. తర్వాత వచ్చిన రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ డిసెంబర్, జనవరిల్లో వరసగా 7 లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయాడు. అతన్నీ తీసేయాల్సింది. ఒక వేటుతో ఆగిపోవడమే ఆ సీజన్‌లో వాళ్లు చేసిన తప్పు.

ఇక అలెక్స్ ఫెర్గుసన్ పేరు చెప్పి మిమ్మల్ని కట్టిపడేయబోతారు. 1986 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చాడు, తొలి ట్రోఫీ 1990లో. నిజమే, మహానుభావుడు. అలా సమయం పుచ్చుకుని క్లబ్‌ను ముంచినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. మన హైదరాబాద్‌వాళ్లయితే రహీం సాబ్‌ను గుర్తుచేస్తారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినా సయ్యద్ అబ్దుల్ రహీంను కోచ్‌గా ఉంచారు. 1956లో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో ఏషియాడ్ స్వర్ణం వచ్చాయి. ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. కానీ దేశ జట్టుకు కింది డివిజన్ లేదు. మీ క్లబ్‌కు ఉంది.

చెల్సీని చూడండి. 2012 మార్చిలో విల్లాస్-బోయాస్‌ను పంపి డి మాటియోకు పగ్గాలిచ్చారు, మేలో ఛాంపియన్స్ లీగ్. 2021 జనవరిలో, తమ క్లబ్ ఆరాధించే లాంపార్డ్‌నే పంపి టుకెల్‌ను తెచ్చారు, మేలో మళ్లీ అదే కప్పు. ఆ డి మాటియోను 2012 నవంబర్‌లోనే తీసేయడం కూడా నాకు సబబుగానే కనిపిస్తుంది. కప్పు గెలిచిన జట్టు వేరు, నవంబర్‌లో ఆడుతున్న జట్టు వేరు.

సమయం విషయంలో జాగ్రత్త. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లలో అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగుతుంది. ఆ విరామానికి ముందే తీయండి. సగం మంది ఆటగాళ్లు దేశ జట్లతో వెళ్లినా, కొత్తవాడికి మిగతావాళ్లతో దాదాపు రెండు వారాలు దొరుకుతాయి. అది దాటిపోతే జనవరి తలుపులు తెరవకముందైనా తీయండి, కొనే ఆటగాళ్లను అతనే ఎంచుకోవాలి. సీజన్ చివరి వారాల్లో తీసేయడం ఎవరికీ ఉపయోగపడదు. మేనేజర్ మీద పూర్తి నమ్మకం ఉందంటూ ప్రకటన ఎప్పుడూ ఇవ్వకండి, మర్నాడు దాన్ని మింగడం కష్టం.

పంపేటప్పుడు ఫోన్లో చెప్పకండి. మీరే శిక్షణ మైదానానికి వెళ్లి, ఆటగాళ్లు రాకముందే, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఒప్పందం ప్రకారం రావలసిన డబ్బు బేరమాడకుండా ఇచ్చేయండి. సహాయకుడిని మాత్రం ఆ రోజే పంపేయకండి, శనివారం మ్యాచ్‌కు జట్టును సిద్ధం చేయాల్సింది అతనే.