వజీరు గారూ, మా ఆదివారాన్ని రెండు చేయండి

మహారాజశ్రీ ఖ్వాజా మహమూద్ గవాన్ వజీరు గారి సముఖానికి,
బహమనీ దర్బారు, బీదర్.

విషయం: హైదరాబాదు నుంచి బీదరుకు చేసే ఒంటిపూట యాత్రలను రద్దు చేయించవలసిందిగా విన్నపం.

అయ్యా,

ఉత్తరాలు ఎలా రాయాలో గ్రంథమే రాసిన మీకు ఉత్తరం రాయడం సాహసమే. పైగా ఉత్తరమన్నా, ముద్రన్నా మీకు చేదు అనుభవం ఉంది. మీ ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, ఒడిశా గజపతితో మీరు కుట్ర చేస్తున్నట్టు గిట్టనివాళ్లు దొంగ ఉత్తరం పుట్టించారు. సుల్తాను ముందూ వెనకా చూడకుండా 1481 ఏప్రిల్లో మా కొండపల్లిలోనే మీ తల తీయించాడు. కొండపల్లి అనగానే బొమ్మలు తప్ప ఈ సంగతి గుర్తొచ్చేవాళ్లు మాలో తక్కువే. అందుకే ఇది బహిరంగ లేఖ. ముద్ర లేదు, దారినపోయే దానయ్య కూడా చదువుకోవచ్చు.

మా జబ్బు ఏమిటంటే ఆదివారం. బీదరు హైదరాబాదుకు నూట నలభై కిలోమీటర్ల పైచిలుకు, ముంబై రోడ్డు మీద జహీరాబాద్ దాకా వెళ్లి కుడివైపు తిరగడమే కదా అని ఆరింటికి బయల్దేరాలనుకుంటాం. ఎనిమిదిన్నరకు బండి కదులుతుంది. దారిలో టిఫిను, టీ, పిల్లల వాంతులు. ముందు నరసింహ ఝరణి, దేవుడి పని కాబట్టి. తర్వాత నానక్ ఝిరా గురుద్వారా, భోజనం పని కాబట్టి. ఆ కడుపుతో మిట్టమధ్యాహ్నం కోటలోకి అడుగుపెడతాం. నెత్తిన ఎండ, కింద ఎర్రరాయి, నీళ్ల సీసాలు కారులో. గుమ్మటం దర్వాజా ముందు నలుగురం నిలబడి ఫొటో దిగి, ‘ఏముందిక్కడ, గోల్కొండే నయం’ అని తీర్పు చెప్పేసి నాలుగింటికల్లా వెనక్కి తిరుగుతాం. పక్కనే ఉన్న అష్టూరు పేరు కూడా ఎవరూ ఎత్తరు.

ఒక్క పూటలో చూసేసే ఊరైతే మీరెందుకు ఆగిపోయారు? గీలాన్ నుంచి 1453లో వ్యాపారం మీద వచ్చిన మీరు ప్రాణం పోయేదాకా, అంటే 28 ఏళ్లు, ఈ రాజ్యాన్ని వదల్లేదు. మీ హయాంలోనే గుర్రం అమ్ముకుందామని వచ్చిన రష్యావాడు అఫనాసీ నికితిన్ కూడా నెలల తరబడి ఈ చుట్టుపక్కలే ఉన్నాడు. సముద్రాలు దాటి వచ్చినవాడికి దొరికిన తీరిక పటాన్‌చెరు దాటి వచ్చేవాడికి దొరకడం లేదు.

రాజ్యంలో నాలుగు తరఫులు, అంటే రాష్ట్రాలు, ఉంటే వాటిని ఎనిమిది చేసి పాలన చక్కబెట్టిన ఘనులు మీరు. ఆ చేత్తోనే మా ఆదివారాన్ని చీల్చి శనివారం మధ్యాహ్నం ఒక ముక్క, ఆదివారం పొద్దున ఒక ముక్క చేసిపెట్టండి. మధ్యలో రాత్రి పడుకోవడానికి ఊళ్లో లాడ్జీలకు కొదవ లేదు. గురుద్వారాలో యాత్రికులకు వసతి కూడా ఉంది. ఫర్మానా ముసాయిదా కూడా నేనే సమర్పించుకుంటున్నాను.

శనివారం మధ్యాహ్నం చేరినవాళ్లు తిన్నగా అష్టూరు వెళ్లాలి. ఊరికి తూర్పున రెండు మూడు కిలోమీటర్లే. దారిలో ఎనిమిది మూలల చౌఖండీ సమాధి పలకరిస్తుంది. అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. అందులో హుమాయూన్ సమాధి మీద పిడుగు పడి గుమ్మటం నిలువునా పగిలింది. ఆ చీలికలోంచి గోడ మందం, రాతి వరసలు, గుమ్మటం వంపు తిరిగిన తీరు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఇంజనీరింగు చదివే పిల్లలుంటే ముందు అక్కడికి తీసుకుపోండి. రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చిన అహ్మద్ షా వలీ సమాధి లోపల రంగుల చిత్రణ ఉంది. లోపల చీకటి, చిన్న టార్చి ఉంచుకోవాలి. కెమెరా ఫ్లాష్ మాత్రం వద్దు. ఆయన్ను ముస్లింలే కాదు, లింగాయతులూ కొలుస్తారు. హోలీ దాటాక అక్కడ ఉరుసు జరుగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే సందడి చూడొచ్చు, ప్రశాంతంగా సమాధులు చూద్దామనుకుంటే మాత్రం వేరే వారం చూసుకోవాలి.

ఆదివారం పొద్దున్నే మీ మదర్సా. 1472లో కట్టించిన ఆ భవనం తూర్పు ముఖం, కాబట్టి పొద్దుటి ఎండలోనే చూడాలి. కిందంతా రాలిపోయినా పైభాగంలో, మిగిలిన ఒక్క మినారు మీద, నీలం పలకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. రెండో మినారేదని అడుగుతారేమో, చెప్పడానికి నోరు రావడం లేదు. ఔరంగజేబు కాలంలో, 1696లో, మందుగుండు పేలి సగం భవనం ఎగిరిపోయింది.

అక్కడి నుంచి కోట, ఎండ ముదరకముందే. రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగిన పని ఉంది. దానికి తరచు తాళమే ఉంటుంది. ముందే మ్యూజియం దగ్గరి సిబ్బందిని మర్యాదగా అడిగి చూడాలి, తాళం చూసి అలిగి వెనక్కి రాకూడదు. డ్రోను ఇంట్లోనే వదిలేయండి. ఊరు వైమానిక దళం శిక్షణ స్థావరం, ఆకాశం వాళ్లది.

ఝరణి విషయంలో నా మాట కొందరికి నచ్చదు. మొక్కున్నవాళ్లు వెళ్లి తీరాలి, వాళ్లకు తెల్లవారుజాము మేలు. సొరంగంలో నడుము దాకా, కొన్నిచోట్ల ఛాతీ దాకా నీళ్లలో నడవాలి. పైన గబ్బిలాలు. మార్చుకునే బట్టలు, ఫోను దాచుకోవడానికి బయట ఒక మనిషి కావాలి. మొక్కు లేనివాళ్లు సెలవు రోజు ఆ క్యూలో నిలబడి కోటను పోగొట్టుకోవద్దు.

చౌబారా బురుజు దగ్గరి సందుల్లో బిద్రీ పనివాళ్ల దుకాణాల్లో మాత్రం కనీసం గంట కూర్చోవాలి. జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్రను మైలుతుత్తపు నీళ్లతో తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద పనివాడు ఏ అచ్చూ లేకుండా చేత్తోనే లత గీస్తాడు. సన్నని ఉలితో గీత తవ్వుతాడు. ఆ గాడిలో వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొడుతూ పోతాడు. చివర్లో ఎండా వానా తగలని పాత కోట మట్టిని, నవసాగరాన్ని కలిపి కాచి రుద్దితే పాత్ర బొగ్గులా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ వచ్చింది. ఇంత పని చూశాక బేరం ఆడటానికి నోరు పెగలదు. ఆడినా కాస్త తగ్గించి ఆడండి.

భోజనానికి గురుద్వారా లంగరే. తలకు గుడ్డ కట్టుకోవాలి, ఎంగిలి పళ్లెం వదిలిపోకూడదు.

బస్సు సంగతి ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మహాలక్ష్మి జీరో టికెట్టు తెలంగాణ పొలిమేర దాకానే, ఆపైన డబ్బులు పెట్టి కొనుక్కోవాలి. అవతల శక్తి పథకం కర్ణాటక ఆడవాళ్లకే. జహీరాబాద్ అత్తా, బీదర్ కోడలూ ఒకే సీట్లో కూర్చున్నా కండక్టరు లెక్కలో వేర్వేరు. 1956కు ముందు ఈ తంటా ఉండేది కాదు. జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పుడు బీదరు జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనలో అవి మాకొచ్చాయి, ఊరు వాళ్లకు పోయింది. మాటలు మాత్రం ఏ గీతా గమనించలేదు. బజార్లో తెలుగు, దక్కనీ, కన్నడ, మరాఠీ దేనితో మొదలెట్టినా సామాను చేతికొస్తుంది.

మీ ఫర్మానా వచ్చేదాకా మావాళ్లు ఆగరని నాకు తెలుసు. కాబట్టి ఈ లేఖ చదువుతున్న పాఠకులకే నేరుగా చెబుతున్నాను. శనివారం గది ముందే మాట్లాడుకోండి, ఆదివారం మధ్యాహ్నం రెండుకల్లా జహీరాబాద్ దాటేయండి. చలికాలం అయితే మరీ మంచిది.

ఇట్లు,
తమ విధేయుడు,
హైదరాబాదు వాసి