చెరువు పోరంబోకుల తర్కశాస్త్రం

తిరుపతి చుట్టుపక్కల చాలా కాలంగా ఒక కొత్త తర్కశాస్త్రం వర్ధిల్లుతోంది. దాని మూలసూత్రం ఒక్కటే: నీళ్లు నిలవని చెరువు చెరువు కాదు, కనుక అది ఖాళీ స్థలం, ఖాళీ స్థలమేదైనా చివరికి ఇళ్ల స్థలమే. గౌతముడి న్యాయసూత్రాలకు సైతం అందని ఈ సిద్ధాంతం ప్రకారం వానాకాలం దాకా ఆగి చూడవలసిన పని లేదు. మే నెలలో చెరువు నడిబొడ్డున జీపు నిలబెట్టగలిగితే ప్రమాణం సిద్ధించినట్టే.

ఈ సిద్ధాంతానికి సాక్షాత్తు ప్రభుత్వమే ముద్ర వేసింది. 1991 మార్చిలో జీవో 181 ద్వారా అవిలాల చెరువులో 90 ఎకరాలను పట్టణాభివృద్ధి సంస్థ అయిన తుడాకు, 1994 జనవరిలో జీవో 84 ద్వారా పేరూరు చెరువులో 150 ఎకరాలను తిరుమల తిరుపతి దేవస్థానానికి ఇళ్ల నిర్మాణం నిమిత్తం ధారాదత్తం చేసింది. తిరుపతికి చెందిన ఇంటలెక్చువల్స్ ఫోరం దీన్ని ప్రశ్నిస్తూ కోర్టుకెక్కినప్పుడు సర్కారు వారు వినిపించిన వాదన ఆ చెరువుల్లో మిగిలిన నీళ్లంత లోతైనది: అవి ఎప్పుడో వాడుక తప్పిన చెరువులు, వాటిలో నీరు చేరదు, పట్టణం పెరుగుతోంది, జనానికి ఇళ్లు కావాలి. 2000లో హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేయడంతో సిద్ధాంతానికి తాత్కాలికంగా పట్టాభిషేకం కూడా జరిగింది.

అయితే ఏ చెరువూ ముసలితనంతో పోదు. కొండ మీద కురిసిన వాన వంకలో పడి, సప్లై కాలువ గుండా చెరువు చేరుతుంది. తూము తెరిస్తే ఆయకట్టు తడుస్తుంది. నిండగా మిగిలింది మొరవ మీదుగా, అంటే అదనపు నీరు పొర్లిపోయేందుకు కట్టిన రాతి కట్టడం మీదుగా, దిగువ చెరువుకు పోతుంది. ఇలా ఒకదాని మిగులు మరొకదానికి ఆధారమవుతుంది కనుకనే వీటిని గొలుసుకట్టు చెరువులంటారు. ఈ గొలుసును తెంచడానికి బాంబులు అక్కర్లేదు. వంక మీద ఇరుకైన కల్వర్టు ఒకటి కట్టి, కాలువ గట్టున ఒక పాక, పాక పక్కన ఒక ప్రహరీ, ప్రహరీ వెనక ఒక కల్యాణ మండపం లేవనిస్తే కొన్నేళ్లకే చెరువు ఒట్టిపోతుంది. అప్పుడు సర్కారు తుమ్మ మొలుస్తుంది. ఆ తుమ్మ వెనకాలే సర్కారూ వస్తుంది. గొంతు నులిమినవారే మరణ ధ్రువీకరణ పత్రం రాసి, ఆపై వారసులమంటూ ఆస్తి పంచుకోవడం లాంటిది ఈ వ్యవహారం.

చరిత్ర ఇక్కడ మరింత చమత్కరిస్తుంది. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాలను పరిశీలిస్తే, భక్తులు స్వామికి సమర్పించిన ధనంతో దేవస్థానపు గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, దాని వల్ల పెరిగిన పంట ఆదాయంతో నైవేద్యాలు జరిపించిన పద్ధతి కనిపిస్తుంది. అసలు కరగకుండా ఏటేటా ఫలమిచ్చే పెట్టుబడి అది. విజయనగర కాలపు ఆ లెక్కను ఆధునిక ప్రణాళికా నిపుణులు సవరించారు: ఏటా పంట కోసం ఎదురుచూడడమెందుకు, చెరువునే ఒక్కసారి ప్లాట్లుగా కోసేస్తే పోలా!

ఇటువంటి సందర్భాల్లో తప్పక వినిపించే మంత్రం వినియోగానికీ పరిరక్షణకూ మధ్య సమతుల్యం. మాట మంచిదే గానీ, తక్కెడ ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. పెద్ద మంచినీటి సరస్సుగా పేరున్న కొల్లేరును 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన గీత వరకు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2008లో ఆ గీతను మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. చేపల చెరువులు సరస్సులోకి చొరబడితే వాటిని వెనక్కి జరపడం పాత పద్ధతి, సరస్సునే వెనక్కి జరగమనడం కొత్త పద్ధతి. కొల్లేరులోనైనా పేరూరులోనైనా సమతుల్యం పేరిట సర్దుకుపోవలసింది ఎప్పుడూ నీరే.

తిరుపతి చెరువుల కేసులో 2006 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు ఈ తర్కాన్ని తోసిపుచ్చింది. చెరువుల వంటి ఉమ్మడి వనరులకు ప్రభుత్వం యజమాని కాదని, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని చెప్పే ప్రజా విశ్వాస సిద్ధాంతాన్ని గుర్తుచేసింది. కట్టిన ఇళ్లను కూల్చమనకుండానే, కొత్త కట్టడాలు ఆపాలని, పేరూరుకు నీరు తెచ్చే బోడెద్దుల వంకను బాగుచేయాలని, ప్రతి ఇంటి పైకప్పు మీది వాననీటినీ ఒడిసిపట్టాలని, ఏ అవసరానికీ బోర్లు వేయరాదని ఆదేశించింది. వంక పూడితే చెరువుకు నీరు రాదన్న రహస్యాన్ని ఛేదించడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసి వచ్చింది. తూములు తెరిచి మూసే నీరుగంటిని అడిగి ఉంటే కోర్టు ఖర్చులు మిగిలేవి.

తీర్పులు చదవకపోయినా నీటికి తన దారి తెలుసు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు లీకేజీ పడడంతో దిగువ గ్రామాల ప్రజలను తరలించవలసి వచ్చింది. వేసవి రాగానే అదే పట్టణం, శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా తెలుగుగంగ మోసుకొచ్చే కృష్ణా నీటి కోసం ఎదురుచూస్తుంది. శేషాచలం మీద కురిసిన వానకు కొండ కింద చోటు దొరకదు గానీ, వందల కిలోమీటర్ల అవతలి నీటికి మాత్రం కాలువలూ పైపులూ సిద్ధం.

చెరువును వాడుకోకూడదని ఎవరూ అనలేదు. పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం, చేపలు పట్టడం, వేసవిలో పశువులను మేపడం, ఇవన్నీ వాడకాలే. వీటిలో ఏదీ నీటి దారికి అడ్డం రాదు. అడ్డం వచ్చేదాన్ని వాడకం అనరు, ఆక్రమణ అంటారు, దానికి జీవో ఉన్నా లేకపోయినా. కాబట్టి ప్లాటు కొనబోయేవారు వాస్తు కంటే ముందు గ్రామ పటం చూడాలి. రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నంబరు ఎదుట చెరువనో, వంకనో, కాలువనో రాసి ఉంటే, ధర ఎంత తక్కువైనా సరే, అడ్వాన్సు ఇవ్వకుండా ఇంటికి తిరిగి వెళ్లాలి.