తుప్పు మీద ఫైబరా?

మా రోజుల్లో పాత పికప్ షెడ్డుకొస్తే ముందు సుత్తి మొనతో ఒళ్లంతా తట్టి చూసేవాళ్లం. మంచి రేకు ఖణేల్‌మంటుంది. తుప్పు తిన్న రేకు డొల్లగా పలుకుతుంది. మోత మారిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీసి, ఆ గీతకు అంగుళం అవతలిదాకా, మెరిసే ఇనుము కనబడేదాకా కోసి పారేసేవాళ్లం. మిగతా పనంతా ఆ తర్వాతే. ఇప్పుడు చాలా షెడ్లలో సుత్తి చేతబట్టేవాడే లేడు. చిల్లు మీద ఫైబర్‌గ్లాస్ మ్యాట్ ముక్కలు పరుస్తారు, రెజిన్ పులుముతారు, పైన లప్పం రుద్దుతారు, సాయంత్రానికి రంగు కొట్టి తాళాలు చేతిలో పెడతారు. ఒక్క వానాకాలం గడిచేసరికి రంగు కింద పొక్కులు లేస్తాయి. అడిగితే సమాధానం చెప్పే మనిషి ఉండడు.

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేస్తూనే నా జుట్టు నెరిసింది. అక్కడికి వచ్చే పికప్‌లలో అన్నిటికన్నా ఎక్కువ కుళ్లినవి బందరు వైపు నుంచి, కాకినాడ వైపు నుంచి చేపలు, రొయ్యలు మోసుకొచ్చే బళ్లు. 1986లో టాటా 407, 1988లో టాటా మొబైల్ వచ్చాక చిన్న సరుకంతా ఇలాంటి బళ్ల మీదికి మళ్లింది. పెట్టెల్లో ఐసు కరిగి, ఉప్పునీరు బొట్టుబొట్టుగా తొట్టి జాయింట్లలోకి దిగుతుంది. అది రోజూ జరిగే పని. మామూలు బండికి పదేళ్లలో పట్టే తుప్పు ఈ బండికి ఎంతో ముందే పట్టేస్తుంది.

తుప్పు ఎక్కువగా లోపలి నుంచే మొదలవుతుంది. డోరు కింద చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అద్దం పక్కనుంచి దిగిన వాననీరు పోవడానికి. దుమ్ము, బురద వాటిని మూసేస్తే నీరంతా డోరు కడుపులోనే నిలుస్తుంది. ముందు మడ్‌గార్డు వెనక మూలలో మట్టి పేరుకుని తడి పట్టి ఉంచుతుంది. క్యాబిన్‌లో కాళ్ల కింద పరిచిన రబ్బరు మ్యాటు కింద చెమ్మ ఆరదు. బయట రంగు మీద పొక్కు కనబడేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది. అందుకే మా మేస్త్రీ మొట్టమొదట ఆ రంధ్రాల్లో తీగ పెట్టి పొడిపించేవాడు. నీటికి దారి లేకుండా రేకు మార్చి ఏం లాభం?

కోసిన చోట ఇరవై గేజి రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్నది, కత్తిరించి, డాలీ అనే ఇనుప దిమ్మె మీద పెట్టి సుత్తితో వంపు తీసేవాళ్లం. వెల్డింగ్‌కు కార్బైడు, నీళ్లు కలిపి మేమే గ్యాసు చేసుకునే డబ్బాలుండేవి. వరసగా వెల్డింగ్ పెడితే పల్చటి రేకు వేడికి ముడత పడుతుంది. కాబట్టి ఇక్కడో టాకా, అక్కడో టాకా వేసి, తడిగుడ్డతో చల్లార్చుకుంటూ కలిపేవాళ్లం. తర్వాత రెండు వైపులా రెడాక్సైడ్. లోపలి వైపు ఎవరికీ కనబడదు, అయినా అక్కడ రెండో పూత తప్పనిసరి. ఒక్క మడ్‌గార్డుకు రెండు రోజులు పట్టేది. పట్టనీ! ఆ బండి మళ్లీ ఏళ్ల తరబడి ఆ పనికి రాలేదు.

ఫైబర్‌గ్లాస్ అంటే నాకు పడదని కాదు. 1953లో అమెరికాలో షెవర్లే కార్వెట్ ఒంటినంతా దానితోనే చేశారు. బెంగళూరులో 1982లో వచ్చిన డాల్ఫిన్ కారుదీ ఫైబర్ ఒళ్లే. మన తీరంలో చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు వచ్చి రోజంతా ఉప్పునీటిలోనే బతుకుతున్నాయి. అది మంచి సరుకు. కానీ ఆ బోటులో పైనుంచి కిందిదాకా ఫైబరే. తుప్పు పట్టే ఇనుము దాని కింద లేదు. బండి రేకు సంగతి వేరు. తుప్పును అలాగే ఉంచి మీద మ్యాట్ వేయడం చెదపట్టిన దూలానికి సున్నం కొట్టడమే. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. ఉబ్బి మీది ప్యాచ్‌ను లేపేస్తుంది. పైగా పాలియెస్టర్ రెజిన్ గట్టిపడుతూ కుంచించుకుపోతుంది, వేసవి ఎండలో రేకుకన్నా ఎక్కువ సాగుతుంది. అంచులో సన్నని సందు పడితే చాలు, నీరు దూరుతుంది. ఆ నీరు ఇక బయటికి రాదు.

ఫైబరే వేయాలనుకుంటే పద్ధతిగా వెయ్యాలి. తుప్పంతా కోసెయ్యాలి. చుట్టూ రెండంగుళాల మేర గరుకు చక్రంతో రంగు లేపి, తెల్లటి ఇనుము తేల్చాలి. చేతి జిడ్డు కూడా అంటకుండా థిన్నరుతో తుడవాలి. వీలైతే లోపలి వైపు నుంచి కూడా మ్యాట్ వెయ్యాలి. పాలియెస్టర్ రెజిన్‌కి హార్డనర్ నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు, మన మే నెల ఎండలో ఒకటి దాటనక్కర్లేదు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే వేడెక్కి పగుళ్లిస్తుంది. రెజిన్‌ను త్వరపెట్టే కోబాల్టు, హార్డనర్ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, మంట లేస్తుంది, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది పోయాలి. రోలరుతో గాలి బుడగలన్నీ నొక్కి తీసెయ్యాలి. రేకుకు ఇంకా గట్టిగా పట్టుకునేది ఎపాక్సీ రెజిన్. దానికి నేసిన గుడ్డ వాడాలి. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు చాలా రకాల్లో ఎపాక్సీకి కరగదు. ఇవన్నీ తెలిసి చేస్తున్నవాళ్లెందరు? ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా గాజుపొడి పీలుస్తున్న కుర్రాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇంకోమాట. మడ్‌గార్డు, బానెట్, డోరు కింది రేకు, ఇవి పైతొడుగులు. వీటికి ఫైబర్ ఒప్పుకుంటాను. డోరు కబ్జాలుండే స్తంభం, క్యాబిన్ చాసిస్ మీద కూర్చునే చోట్లు, చాసిస్, వీటిలో తుప్పు పడితే ఇనుమే వెయ్యాలి. అక్కడ ఫైబర్ అతికించి రంగు కొట్టినవాడు డ్రైవరు ప్రాణంతో ఆడుకుంటున్నట్టే.

తప్పు షెడ్డు వాళ్లదే అనను. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అదే ఎఫ్‌సీ, తప్పదు. ఎఫ్‌సీకి నాలుగు రోజుల ముందు బండి తెచ్చి, పైకి నున్నగా కనబడితే చాలనే ఆసాములు పెరిగారు. బండి ఆగిన రోజు కిస్తీ ఆగదు, ఆ బాధ నాకు తెలుసు. అయితే ఏటా అదే చిల్లుకు డబ్బు పోసేకన్నా ఒక్కసారి రెండు రోజులు ఆపుకోవడమే చవక. పని నేర్చుకోవడానికీ ఎవరికీ ఓపిక లేదు. మాకు వంపు చేతికి పట్టుబడటానికే ఏళ్లు పట్టింది.

ఆసామి చెయ్యగలిగింది ఒకటుంది. లప్పం పెట్టకముందు వెళ్లి బండి చూడండి. కోసిన రేకు ముక్కలేవని అడగండి. లోపలి వైపు వేలు పెట్టి తడమండి. చూపించనంటే ఆ షెడ్డులో బండి వదలొద్దు. కుర్రాళ్లకూ చెబుతున్నాను: ఫైబర్ వెయ్యండి తమ్ముళ్లూ, వద్దనను. ముందు తుప్పు కొయ్యండి.