నన్ను తాకని విజేతలు: ఒక మోర్స్ పాడిల్ ఆత్మకథ

ఆత్మకథ చెప్పుకునే వస్తువులన్నీ తమ గొప్ప చాటుకోవడానికే నోరు విప్పుతాయి. నేను విప్పుతున్నది నా అవసరం ఎంత తక్కువో నిరూపించడానికి. నేను మోర్స్ పాడిల్‌ని. బల్ల మీద జారకుండా బరువైన లోహపు పీఠం, దాని మీద పక్కపక్కనే రెండు మీటలు, వాటి వెనక వెంట్రుకవాసి ఎడంలో కాంటాక్టులు. ఇదే నా ఒళ్ళు. కుడిచేతి వాటం వాళ్ళయితే సాధారణంగా బొటనవేలు తగలగానే చుక్క, చూపుడువేలు తగలగానే గీత పుడతాయి. హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియో ఆపరేటర్లు, వాటిని డిట్, డా అంటారు. రెండు మీటలనూ కలిపి పట్టుకుంటే గీత, చుక్క, గీత, చుక్క అంటూ ఒకదాని వెంట ఒకటి వాటంతటవే వస్తాయి. ‘సి’ అక్షరం అలా ఒక్క పట్టులో అయిపోతుంది. అంతర్జాతీయ మోర్స్ పోటీలనగానే జనానికి నా మీద మెరుపులా ఆడే వేళ్ళు గుర్తొస్తాయి. ఆ ఊహ నాకు ముద్దుగానే ఉంటుంది గాని నిజం కాదు. ఈ పోటీలో నెగ్గేది చెవి. చేతి పనిని యంత్రాలు దాదాపు మొత్తం లాగేసుకున్నా ఈ ఆట బతికే ఉందంటే కారణం అదే.

మా వంశ చరిత్రే ఇందుకు మొదటి సాక్ష్యం. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు శామ్యూల్ మోర్స్ సందేశం పంపినప్పుడు పంపే పనంతా చేతిదే. తర్వాత దశాబ్దాల పాటు ప్రతి చుక్కకూ, ప్రతి గీతకూ ఆపరేటరు స్ట్రెయిట్ కీని విడివిడిగా నొక్కాల్సిందే. రోజంతా తంతి కొట్టేవాళ్ళకు చెయ్యి పట్టేసి మాట వినకుండా పోయేది. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో హొరేస్ మార్టిన్ అనే అమెరికన్ వైబ్రోప్లెక్స్ తయారుచేశాడు. హామ్‌లు బగ్ అని పిలుచుకునే ఆ పరికరంలో ఊగే ఊచ ఒకటి చుక్కలను వరసగా తనే కొట్టేది. గీతలు మాత్రం మనిషి కొట్టాలి. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ కీయర్ వచ్చి గీతలను కూడా తీసుకుంది. దానికి చిటికె వేసి చెప్పడానికి నేను పుట్టాను. ఇప్పుడు నా పని కూడా కీబోర్డుకు పోయింది: ఎఫ్1 మీట నొక్కితే ‘ఎవరైనా బదులివ్వండి’ అనే సీక్యూ పిలుపు, మరో మీట నొక్కితే రిపోర్టు, ఇంకోటి నొక్కితే ధన్యవాదం. నాలుగు తరాలుగా ప్రతి కొత్త పరికరమూ చేతి బరువునే దించింది, చెవి బరువును ఒక్కటీ ముట్టుకోలేదు. 1942లో అమెరికా సైనికుడు హారీ టర్నర్ స్ట్రెయిట్ కీ మీద నిమిషానికి 35 మాటలు పంపితే అది గిన్నిస్ రికార్డయింది. అంతకు మూడేళ్ళ ముందే నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌లో టెడ్ మెక్‌ఎల్‌రాయ్ నిమిషానికి 75.2 మాటలు చెవితో విని టైపు కొట్టేశాడు. చెయ్యి ఆగిపోయిన చోటికి రెండింతలు దాటి చెవి వెళ్ళింది.

పోటీలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 1948లో మొదలైన సీక్యూ వరల్డ్ వైడ్ పోటీనే తీసుకోండి. దాని మోర్స్ విభాగం ఏటా నవంబరు చివరి పూర్తి వారాంతంలో 48 గంటలు సాగుతుంది. మన గడియారంలో శనివారం పొద్దున 5:30కి మొదలై సోమవారం పొద్దున అదే వేళకు ముగుస్తుంది. 160 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా ఆరు బ్యాండ్లు. కాంటాక్టులో, అంటే రెండు స్టేషన్ల మధ్య జరిగే పలకరింపులో, ఇచ్చిపుచ్చుకునేది 599 అనే సిగ్నల్ రిపోర్టు, ఆపైన జోన్ నంబరు. ప్రపంచమంతా 40 జోన్లు, మన తెలుగు నేల 22లో ఉంది. వేరే ఖండం దొరికితే 3 పాయింట్లు. ప్రతి బ్యాండులో కొత్తగా దొరికిన దేశమూ, జోనూ మల్టిప్లయర్లు. పాయింట్ల మొత్తాన్ని మల్టిప్లయర్ల మొత్తంతో గుణిస్తే స్కోరు.

ఇందులో పంపడానికి పట్టే కాలాన్ని ముందే లెక్కగట్టి పెట్టేశారు. చుక్కకు పట్టే కాలం ఒక మాత్ర అనుకుందాం. గీతకు మూడు మాత్రలు, అక్షరం లోపలి ఎడం ఒక మాత్ర, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు. 599ని పూర్తిగా పంపితే 49 మాత్రలు. 9లో నాలుగు గీతలు, ఒక చుక్క ఉంటాయి. దానికి బదులు ఒక గీత, ఒక చుక్క ఉన్న ఎన్ అక్షరం పంపితే 25 మాత్రలతో సరిపోతుంది. నిమిషానికి 30 మాటల వేగంలో మాత్ర అంటే 40 మిల్లీసెకన్లు, కాబట్టి రెండు సెకన్లు పట్టేది ఒక్క సెకనుకు దిగుతుంది. మూడు వేల కాంటాక్టులు చేసినవాడికి 48 నిమిషాలు మిగిలినట్టు. అందుకే అందరూ ఎన్‌లే పంపుతారు. ఈ లాభం కంప్యూటరున్న ప్రతివాడికీ ఒకేలా అందుతుంది గనక దీంతో ఎవడూ ఎవణ్ణీ ఓడించలేడు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. సిగ్నల్ ఎంత నీరసంగా ఉన్నా అందరూ ఇచ్చేది 599యే. జోన్ నంబరును కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) చూసి సాఫ్ట్‌వేరే నింపేస్తుంది. ఇక వినడానికి మిగిలిందేమిటి? కాల్ సైన్ మిగిలింది. అందులోనే అసలు కష్టమంతా ఉంది. బి అంటే ఒక గీత, మూడు చుక్కలు. 6 అంటే ఒక గీత, నాలుగు చుక్కలు. తేడా ఒక చుక్క, దాని ముందు ఎడం: ఇందాకటి వేగంలో 80 మిల్లీసెకన్లు. ఎస్, హెచ్, 5 వరసగా మూడు, నాలుగు, అయిదు చుక్కలు. సిగ్నల్ మధ్యలో ఒక్క క్షణం సన్నబడితే 5 కాస్తా హెచ్ అయి కూర్చుంటుంది. నిర్వాహకులు పోటీదారులు పంపిన వేలాది లాగ్‌లను (కాంటాక్టుల పట్టీలను) ఒకదానితో ఒకటి సరిపోలుస్తారు. కాల్ సైన్ తప్పు రాసుకుంటే ఆ కాంటాక్టు పోవడమే గాక పైనుంచి పాయింట్ల కోత కూడా పడుతుంది. ఇక పైలప్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకే సెకనులో ఒకే చోట పది మంది పిలుస్తారు. ఒకడి స్వరం కొంచెం హెచ్చు, ఇంకొకడి నడక కొంచెం మందం, మరొకడు అర సెకను ఆలస్యం. ఆ పోగులోంచి రెండక్షరాలు పట్టుకుని వాటినే తిరిగి పంపితే ఆ స్టేషన్ ఒక్కటే బదులివ్వాలి. పైగా మే నెలాఖరులో జరిగే డబ్ల్యూపీఎక్స్ మోర్స్ పోటీలో జోన్ బదులు కాంటాక్టు వరస సంఖ్య చెప్పాలి. అది ప్రతిసారీ మారుతుంది గనక ఏ సాఫ్ట్‌వేరూ ముందుగా ఊహించి నింపలేదు.

ఉద్దండులైనవాళ్ళు ఒంటరి విభాగంలోనే రెండు రేడియోలు పెట్టుకుంటారు. ఎడమ చెవికి ఒక బ్యాండు, కుడి చెవికి మరో బ్యాండు. ఒక క్షణంలో ఒకే సిగ్నల్ గాలిలోకి వెళ్ళాలన్నది నియమం కాబట్టి ఒక రేడియో పంపుతున్నంతసేపూ రెండో దాన్ని వినాలి. ఇక్కడ సగం దొరికిన కాల్ సైన్‌ను మనసులో నిలుపుకుని అక్కడ రిపోర్టు అందుకోవాలి. మళ్ళీ వెనక్కొచ్చి ఆ సగాన్ని పూరించాలి. తెలుగువాళ్ళకు దీన్ని అష్టావధానంతో పోల్చి చెబితే చాలు. ఒకపక్క సమస్యాపూరణం నడుస్తుంటే మరోపక్క గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క తప్పకుండా చెప్పే అవధానికి ఉండాల్సింది ధారణ. అవధాని కలం పట్టడు, పద్యాన్ని ఎవరో రాసుకుంటారు. అంతమాత్రాన ఆ పద్యం రాసుకున్నవాడిదని ఎవరూ అనరు. కంప్యూటరు పంపితే అది మోర్స్ పోటీయేనా అని అడిగేవాళ్ళకు నేనిచ్చే జవాబు ఇదే.

గెలుపు చెవిది కాదు, చోటుదీ డబ్బుదీ అనేవాళ్ళున్నారు. ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. కేనరీ దీవులూ మదీరా పోటీ లెక్కలో ఆఫ్రికా కిందికి వస్తాయి. యూరప్ పక్కనే ఉంటూ యూరప్ వాళ్ళ మీద మూడేసి పాయింట్లు రాబట్టుకోవచ్చు. అరూబా దక్షిణ అమెరికా లెక్కలో ఉండి ఉత్తర అమెరికాను చేరువలో పెట్టుకుంటుంది. అందుకే గట్టి పోటీదారులు విమానమెక్కి అక్కడికి పోతారు. మన జోన్ 22కు అమెరికా సిగ్నల్ అంత తేలిగ్గా అందదు. అయితే ఈ అసమానతను తీసేసి చూసే ఏర్పాటు కూడా ఉంది. 1990లో సియాటిల్‌లో మొదలైన వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ ఛాంపియన్‌షిప్‌ను కొన్నేళ్ళకోసారి జరుపుతారు. 2018లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ చుట్టుపక్కల జరిగినప్పుడు అన్ని జట్లకూ ఒకే రకం గుడారం, ఒకే రకం యాంటెన్నా, ఒకే ప్రసార శక్తి పరిమితి. ఎవరికి ఏ కాల్ సైనో చివరి నిమిషాల దాకా తెలియదు, పక్కనే రిఫరీ కూర్చుంటాడు. లిథువేనియా జట్టు గెలిచింది. ఇవన్నీ ఒకటే అయినా మొదటి జట్టుకూ అడుగు జట్టుకూ స్కోరులో బోలెడంత దూరం. అందులో మాటలతో చేసే కాంటాక్టులూ ఉంటాయి, నిజమే. కాని యాంటెన్నాలు సమానమయ్యాక మిగిలిన ఆ తేడా మనుషులది కాక మరెవరిది?

ఎవరికీ అక్కర్లేని విద్యకు ఇంత పోటీ ఎందుకన్న ప్రశ్న కూడా వింటుంటాను. అక్కర్లేదన్నది నిజమే. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది, మోర్స్ దాన్ని వదిలేసి అప్పటికే చాలా కాలమైంది. హామ్ లైసెన్సుకు మోర్స్ పరీక్ష తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను 2003లో జెనీవా రేడియో మహాసభ ఎత్తేసింది. ఆపదలో ఆదుకుంటామన్న వాదన వెనక కూడా నేను దాక్కోను. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో హామ్ ప్రసారాల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండగానే సునామీ వచ్చింది, ఆ స్టేషనే అండమాన్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య వార్తలు మోసింది. ఆ ఘనత హామ్ రేడియోది, నాది అని చెప్పుకోను. కాని నిర్బంధం పోయిన తర్వాత కూడా మోర్స్ పోటీలకు ఏటా వేలల్లో లాగ్‌లు వస్తున్నాయి. పరీక్ష భయంతో నేర్చుకున్న విద్య ఇలా మిగలదు. పైగా మోర్స్ సిగ్నల్‌కు కొన్ని వందల హెర్ట్‌జ్ ఫిల్టరు చాలు, గొంతుకు రెండు వేలకు పైగా కావాలి. అదే చోటులో ఎక్కువ మంది పడతారు, అదే శక్తితో ఎక్కువ దూరం పోతారు.

దూరమే కొలమానమైతే నన్ను మించినవాడు వచ్చాడు. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకేతో కలిసి 2017లో ఎఫ్‌టీ8 అనే పద్ధతి తెచ్చారు. మనిషి చెవికి అసలు వినబడని సిగ్నల్‌ను కూడా అది చదివేస్తుంది. దానితో నేను వాదానికి దిగను. కాకపోతే అది 15 సెకన్ల వంతులతో నడుస్తుంది, ఒక కాంటాక్టు ముగియడానికి దాదాపు నిమిషం పడుతుంది. మంచి పైలప్ ముందున్న మోర్స్ ఆపరేటరు అదే నిమిషంలో మూడు ముగిస్తాడు. దానికి తమ్ముడు వరసైన ఎఫ్‌టీ4 వేగంలో కొంత నయం. అయినా ఆ రెండింటిలోనూ వినే పని సాఫ్ట్‌వేరుదే.

నా వాదానికి నిజంగా ముప్పు తెచ్చింది మరొకటి. 2008లో అలెక్స్ షోవ్‌కోప్లియాస్ అనే కెనడా హామ్ సీడబ్ల్యూ స్కిమ్మర్ విడుదల చేశాడు. బ్యాండులో మోర్స్ పంపుతున్నవాళ్ళందరినీ ఒకేసారి చదివి ఎవరు ఎక్కడున్నారో తెర మీద పరిచేస్తుంది. (తమాషా ఏమిటంటే, పైలప్‌ను కంప్యూటర్లో సృష్టించి చెవికి సాధన చేయించే మోర్స్ రన్నర్ కూడా ఆయనదే.) ప్రపంచం నలుమూలలా ఉన్న స్కిమ్మర్లు పట్టిన కాల్ సైన్లు రివర్స్ బీకన్ నెట్‌వర్క్ ద్వారా ఎవరికైనా అందుతాయి. బ్యాండంతా గాలించి కొత్త మల్టిప్లయరును వెతుక్కునే పని దాంతో మౌస్ క్లిక్కు అయింది. ఇన్నాళ్ళూ చేతి పనినే తీసుకున్న యంత్రం మొదటిసారి చెవి పనిలో వాటా అడిగింది. పైలప్‌లో ఒకరి మీద ఒకరు పడి పిలిచేటప్పుడు అది తడబడుతుంది, తెర మీది తప్పు కాల్ సైన్‌ను నమ్మి లాగ్ చేసినవాడు కోత భరిస్తాడు. కాబట్టి ఆట చచ్చిపోలేదు. కాని తెర సాయంతో ఆడేదీ ఉత్త చెవితో ఆడేదీ ఒకే ఆట అంటే ఒప్పుకోను. సీక్యూ వరల్డ్ వైడ్‌లో ఆ సాయం తీసుకునేవాళ్ళకూ తీసుకోనివాళ్ళకూ వేర్వేరు విభాగాలున్నాయి. కొన్ని పోటీలు రెంటినీ కలిపేశాయి. ఎవడు దొంగచాటుగా తెర చూస్తున్నాడో పట్టుకోలేక పడే తలనొప్పి తప్పుతుందని వాళ్ళ లెక్క. పట్టుకోవడం కష్టమే. అయినా కాంటాక్టులు ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలో జరిగాయో లాగ్‌లో ఉంటుంది. తెర మీద పేరు పడ్డ మరుక్షణమే అక్కడ వాలిపోయే అలవాటు అందులో బయటపడుతుంది, నిర్వాహకులు చూసి పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. నన్ను బల్ల మీంచి తీసి అరలో పెట్టేసినా ఈ పోటీలకు లోటేమీ రాదు. విభాగాలు కలిపేస్తే మాత్రం ఫలితాల పట్టికలో ఎవరి చెవి ఎంతో తేల్చే దారి ఉండదు.