గ్లాసుకు మార్కులు, కాయకు కోతలు

బ్రౌన్ ఏల్ ఇంగ్లండులో పుట్టిన గోధుమరంగు బీరు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి మాల్ట్ చేస్తారు. అందులో కొంత భాగాన్ని ముదురుగా వేయిస్తే ఆ రంగూ, ఆ కమ్మటి వాసనా వస్తాయి. గింజను మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించే విద్య రాగి మాల్ట్ కాచుకునే అనంతపురం ఇళ్లకు కొత్తదేమీ కాదు. అయితే రాగి మాల్ట్‌కు ఎవరూ యాభైకి ముప్పై ఏడున్నర మార్కులు వేయరు. బ్రౌన్ ఏల్‌కు వేస్తారు. అనంతపురం కుర్రకారులో ఇప్పుడు ఇదే పెద్ద చదువు.

ఈ చదువుకు బడి బెంగళూరులో ఉంది. 2010లో ఇందిరానగర్‌లో టాయిట్ పబ్ తెరిచాక ఆ ఊరు, బీరును తమ దగ్గరే కాచి పోసే బ్రూపబ్‌ల ఊరైపోయింది. శనివారం మధ్యాహ్నం కారెక్కి 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళితే సాయంత్రానికి నాలుక పరీక్షకు సిద్ధం. అదే ఊరికి, కదిరి నుంచీ మడకశిర నుంచీ కట్టడం పనుల కోసం బస్సులెక్కే వారికి మాత్రం మార్కులు వేసే తీరిక ఉండదు.

నాలుక గతచరిత్రను కూడా నమోదు చేయాలి. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు సర్కారువే. అక్కడ ఏ సీసా ఇస్తే అదే ప్రసాదం. బూమ్ బూమ్ అనే బీరు పేరు చదివి నవ్వుకుంటూనే పుచ్చుకున్న నాలుక ఇది. ఆ ఐదేళ్లలో ఒక్క మార్కు వేసి ఎరగదు. ఇప్పుడు అదే నాలుకకు నాలుగో వంతు పాయింటు తేడా తెలుస్తోంది.

మార్కుల పద్ధతి అమెరికాది. అక్కడ 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ యాభై మార్కుల పత్రం తయారు చేసింది. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. శిక్షణ పొందిన జడ్జీలు, ఎవరి బీరో తెలియకుండా, పోటీల్లో వాడే పత్రమిది. బ్రూపబ్ బల్ల దగ్గర కూర్చున్న పరీక్షకుడికి కాచినవాడి పేరు తెలుసు, ధర తెలుసు, పక్కవాడు ఎంత వేశాడో కూడా తెలుసు. ఇన్ని తెలిశాక తెలియవలసింది ఇక ఏదీ మిగలదు. 2000లో మొదలై, బీరు మార్కులకు లోకమంతా పేరుపడ్డ రేట్‌బీర్‌ను చివరికి ప్రపంచంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ కొనేసింది. పరీక్ష రాసేవాడే పేపర్లు దిద్దే ఆఫీసును కొనుక్కున్నట్టు. 2025లో అది మూతపడింది.

మొదట చూపు. గ్లాసును దీపానికెత్తి చూస్తారు. గోధుమరంగు బీరు గోధుమరంగులో ఉందని నిర్ధారించి మూడుకు మూడు వేస్తారు.

తరువాత వాసన. ఈ శాస్త్రానికంతటికీ గుండెకాయ ఇదే. పరీక్షకుడు గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, కొంతసేపటికి తెరిచి 'హేజల్‌నట్' అంటాడు. ఆ మాట మెనూ కార్డులో బీరు పేరు కిందే అచ్చయి ఉంటుంది. బల్ల చుట్టూ ఉన్నవారిలో ఎంతమంది హేజల్‌నట్ గింజను ఒలిచి తిన్నారో విచారిస్తే, బిళ్ల చాక్లెట్ల పైకాగితం మీద బొమ్మ చూసినవారే తేలతారు. అయినా అందరికీ అదే వాసన వస్తుంది. రెండో గుటకకు వాల్‌నట్, మూడో గుటకకు కాల్చిన పెకాన్ వస్తాయి.

మామూలు బ్రౌన్ ఏల్‌లో హేజల్‌నట్ గానీ, మరే నట్ గానీ వేయరు. ఇంగ్లండులో శామ్యూల్ స్మిత్ కంపెనీ అమ్మే నట్ బ్రౌన్ ఏల్‌లోనూ ఆ మాట రంగుకూ రుచికీ పెట్టిన పేరే. చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఉండదు, దాని రంగు అలా ఉంటుందంతే. బార్లీలోని చక్కెరలూ మాంసకృత్తులూ వేడికి కలిసి మారినప్పుడు పుట్టే వాసన అది. రొట్టె కాలినా, వేరుశనగ వేగినా జరిగేది ఆ మార్పే.

అసలు అబ్బురం ఇక్కడుంది. లక్షల ఎకరాల్లో వేరుశనగ వేసే నేల నుంచి వెళ్లినవాళ్లు వీళ్లు. బస్టాండు పక్కన తోపుడుబండి మీద, ఇసుక వేసిన బాణలిలో చెనక్కాయలు చిటపటలాడుతుంటే వీధి చివరికి వచ్చే వాసన వీళ్ల ముక్కుకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. సంగటి ముద్దకు చెనక్కాయల ఊరిబిండి అద్దుకుని పెరిగారు. తీరా గ్లాసులోంచి అచ్చంగా ఆ వాసనే వస్తే, గుర్తుపట్టరు. అమెరికాలోని ఆరెగాన్ తోటల్లో పండే గింజ గుర్తొస్తుంది గానీ అమ్మ వేయించిన గింజ గుర్తు రాదు. వచ్చినా పైకి అనరు. 'చెనక్కాయ వాసన' అంటే పక్కవాడు నవ్వుతాడని భయం. ముక్కు ఉంది, జ్ఞాపకం ఉంది, నోరు విప్పడానికి సిగ్గు. తన ఊరి వాసనను తాను ఒప్పుకోలేనివాడు బీరు గురించి చెప్పే ఏ మాటకైనా విలువేముంది?

ఇక నీళ్లు. ముదురు రంగు బీర్లకు లండన్ తరహా కార్బోనేట్ నీళ్లు పొసగుతాయనీ, బర్టన్ నీళ్లలోని సల్ఫేటు చేదుకు పదును పెడుతుందనీ పరీక్షకులు అనర్గళంగా చెబుతారు. తమ మండలం బోరు నీళ్లలో ఏముందంటే చెప్పలేరు. ఫ్లోరైడ్ ఉంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము, మరో దిక్కులేకపోతే ఒకటిన్నర దాకా ఉండొచ్చు. అంతకు మించిన నీళ్లు తాగి ఎన్నో పల్లెల్లో పిల్లల పళ్లు గోధుమరంగు గారలు కట్టాయి, పెద్దల కీళ్లు బిగుసుకుపోయాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లిచ్చింది. దశాబ్దాలుగా ప్రభుత్వాలు చేయని పనిని ఒక ట్రస్టు చేయాల్సి వచ్చింది, సిగ్గుచేటు. లీటరు బీరుకు పెద్ద బ్రూవరీలే మూడు నాలుగు లీటర్ల నీళ్లు వాడతాయి. చిన్నవి ఇంకా ఎక్కువ వాడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట పుట్టి, ఆ వానా రాని ఏళ్లు చూసి, గ్లాసులోని నీటి ఖనిజాల మీద ఉపన్యాసాలివ్వడానికి ఎంత మొద్దుబారాలి! పళ్ల మీది ఆ గోధుమరంగుకు ఏ పత్రంలోనూ గడి లేదు.

రుచికి ఇరవై మార్కులు. బ్రౌన్ ఏల్‌ను పది, పన్నెండు డిగ్రీల చల్లదనంలో తాగితేనే రుచి తెలుస్తుంది. మనవాళ్లకు గ్లాసు మీద మంచు పట్టాలి. నాలుక మొద్దుబారాక ఇరవైకి పదిహేనున్నర వేస్తారు. ఆ పింటు ఖరీదు చాలాచోట్ల ఉపాధి హామీ రోజు కూలి కన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26లో ఆ కూలి 307 రూపాయలు.

నోటికి తగిలే తీరుకు ఐదు మార్కులు. ద్రవం నోటికి ద్రవంలాగే తగులుతుంది.

చివరివి మొత్తం మీద అభిప్రాయానికి పది. ఇక్కడ జడ్జీల ఔదార్యం చెప్పుకోదగ్గది. బీరు పూర్తిగా పాడైనా మర్యాద కోసం యాభైకి పదమూడు వేయాలన్నది వాళ్ల ఆనవాయితీ. కాచినవాడి మనసు నొప్పించకూడదు కదా.

వేరుశనగకు ఆ మర్యాద లేదు. మార్కెట్లో వ్యాపారి గోతాంలోకి మోచేతి దాకా చేయి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తాడు. చెవి దగ్గర ఊపుతాడు. బొటనవేలితో చిట్లగొట్టి, గింజ మీది పొట్టు నలిపి, ఒకటి నోట్లో వేసుకుంటాడు. అరనిమిషంలో ధర తేలుస్తాడు. రైతు ఏడాది కష్టానికి అదే తీర్పు. సర్కారు మద్దతు ధర 2025-26కు క్వింటాలుకు 7,263 రూపాయలు. అది దక్కాలంటే కాయలో తేమ 8 శాతం దాటకూడదు. కళ్లంలో ఉండగా వాన తగిలి తొమ్మిది చూపిస్తే, మళ్లీ ఎండబెట్టి తెమ్మంటారు. లేదంటే బయట వ్యాపారి ఇచ్చినంతే. పుల్లబడిన బీరుకు పదమూడు మార్కులు, తడిసిన కాయకు సున్నా.

బ్రౌన్ ఏల్ మంచి బీరే. తాగేవారు మరీ చల్లగా కాకుండా, పక్కన వేయించిన చెనక్కాయలు పెట్టుకుని తాగి, డబ్బులు కట్టి, కారు మరొకరికి అప్పగించి ఇంటికి వెళ్లవచ్చు. మార్కులు వేయకపోతే చేతులు ఊరుకోని వారు వచ్చే పంటకాలంలో ఒక్కరోజు కొనుగోలు కేంద్రానికి వెళ్లి, తేమ మిషన్ దగ్గర రైతు పక్కన నిలబడి, ఆ అంకె సరిగ్గా చూపిస్తున్నారో లేదో చూడండి. పాయింటులో నాలుగో వంతు తేడా కూడా పట్టగల నేర్పు మీకుంది కదా, అక్కడ పనికొస్తుంది.